కాగితం చూసే వెలుతురు

కరెంటు సామాన్ల కొట్టుకు వెళ్లి బల్బు కావాలంటే కొట్టతను అడిగేవి రెండే ప్రశ్నలు. ఎన్ని వాట్లు? పిన్నుదా, స్క్రూదా? ఇంటికైతే ఆ రెండూ చాలు. మూతపడ్డ స్టూడియో అటక మీంచి దించిన ఫోటో ఎన్‌లార్జర్‌కు కూడా ఆ రెండు జవాబులే చెప్పి బల్బు తెచ్చి బిగిస్తే, అది బ్రహ్మాండంగా వెలుగుతుంది. పాత బల్బు కంటే ఎక్కువే వెలుగుతుంది. చిక్కంతా ప్రింటు డెవలపర్‌లోంచి బయటికొచ్చాక మొదలవుతుంది. ఫోటో మధ్యభాగం నల్లబడి, మూలలు వెలిసిపోయి ఉంటాయి. ఎప్పుడూ చక్కగా వచ్చే ముఖం ఈసారి మరీ పాలిపోయో, చప్పగా బూడిదరంగు తిరిగో కనిపిస్తుంది. తెల్లచొక్కా తెల్లగా ఉండాల్సిన చోట పలచటి మసక కమ్ముకుని ఉంటుంది.

నెగటివ్ మారలేదు. కాగితం మారలేదు. మందులు మారలేదు. మారింది బల్బొక్కటే.

పై మూడు జబ్బులకూ మూడు వేర్వేరు కారణాలున్నాయి. మూలలు వెలవడం బల్బు ఆకారం వల్ల. ముఖం తేడాగా రావడం దాని రంగు వల్ల. చొక్కా మసకబారడం అది వెలిగి ఆరే తీరు వల్ల. కొట్లో అడిగిన వాట్లకు వీటిలో దేనితోనూ పెద్ద పని లేదు. ఎన్‌లార్జర్ తయారుచేసినవాళ్లు బల్బును లోపలి లెన్సులతో సమానమైన భాగంగా లెక్కేసుకున్నారు. ఇవాళ మనం దాన్ని ఉత్త దీపం అనుకుని మార్చేస్తున్నాం.

అసలు బల్బు ఏమైంది?

ఎన్‌లార్జర్ల కోసమని ఒకప్పుడు ప్రత్యేకంగా బల్బులు తయారయ్యేవి. అమెరికాలో వాటికి పీహెచ్211, పీహెచ్212 లాంటి గుర్తులుండేవి. మొదటిది 75 వాట్లు, రెండోది 150 వాట్లు. యూరప్‌లో ఫిలిప్స్ కంపెనీ ఫోటోక్రెసెంటా పేరుతో అమ్మేది. అన్నిటి పోలికా ఒకటే: పాలగాజు బుడ్డి, లోపల టంగ్‌స్టన్ తీగ. ఇంటి బల్బు వెయ్యి గంటలు వెలగాలని తీగ వేడిని కాస్త అదుపులో ఉంచుతారు. ఎన్‌లార్జర్ బల్బుల్లో మాత్రం ఆయుష్షు తగ్గినా ఫర్వాలేదని తీగను ఇంకాస్త కాల్చి, వెలుగును తెలుపు వైపు నెట్టేవారు. పీహెచ్212 ఆయుష్షు వంద గంటల స్థాయిలోనే ఉండేది. వినడానికి తక్కువే. కానీ ప్రింటుకు 15 సెకన్ల చొప్పున లెక్కేస్తే వంద గంటలంటే 24 వేల ప్రింట్లు. ఫోకస్ చూసుకునే సమయానికి సగం తీసేసినా ఓ మోస్తరు స్టూడియోకు ఏళ్లు గడిచేవి.

2009 సెప్టెంబరు 1న యూరోపియన్ యూనియన్ తీగ బల్బులను దశలవారీగా ఆపడం మొదలుపెట్టింది. మొదటి విడతలో 100 వాట్ల బల్బులతోపాటు పాలగాజు, గరుకుగాజు బల్బులు, వాట్లు ఎన్నైనా సరే, పక్కకు పోయాయి. ప్రత్యేక అవసరాల బల్బులకు మినహాయింపు ఇచ్చారు. అయితే అప్పటికే చీకటి గదులు మూతపడుతున్నాయి. గిరాకీ లేని సరుకుకు మినహాయింపు ఉన్నా ఎవరు చేస్తారు? అమెరికాలో 2023 ఆగస్టు 1 నుంచి వాటుకు కనీసం 45 ల్యూమెన్ల వెలుగు ఇవ్వని మామూలు బల్బుల అమ్మకం ఆగింది. మన దగ్గర నిషేధమంటూ లేకపోయినా, 2015 జనవరిలో ఉజాలా పథకం మొదలయ్యాక ఎల్‌ఈడీ ధర దిగొచ్చి తీగ బల్బు దానంతటదే కొట్టు వెనక అరల్లోకి జరిగింది. ఇప్పటికీ దొరుకుతుంది. కాకపోతే దొరికేది ఎక్కువగా లోపలి తీగ కనిపించే పారదర్శక గాజు బల్బు. ఎన్‌లార్జర్‌కు పనికిరానిది సరిగ్గా అదే.

మూలలెందుకు వెలుస్తాయి?

ఎన్‌లార్జర్‌ను పైనుంచి కిందికి చూద్దాం. నెత్తిన రేకు డబ్బా, అందులో బల్బు. దాని కింద అరచేతి వెడల్పు మందపాటి కుంభాకార గాజులు రెండు, వీటిని కండెన్సర్ అంటారు. వాటి కింద నెగటివ్. ఇంకా కింద చిన్న లెన్సు. అడుగున బేస్‌బోర్డు, దాని మీద కాగితం. లైకా ఫోకోమాట్ అయినా, ఇటలీ డర్స్ట్ అయినా, చెక్ దేశపు మియోప్టా అయినా, అమెరికా ఒమేగా, బెసెలర్ అయినా నలుపు తెలుపు కండెన్సర్ యంత్రాలన్నిటి అమరికా ఇంచుమించు ఇదే.

కండెన్సర్ చేసే పని నెగటివ్ మీద ఊరికే వెలుగు పోయడం అనిపిస్తుంది. నిజానికి అది రెండు పనులు ఒకేసారి చేస్తుంది. బల్బు నుంచి విచ్చుకునే కిరణాలను పోగుచేసి నెగటివ్ అంతటా సమంగా పరుస్తుంది. అలా పరిచిన కిరణాలన్నీ నెగటివ్ దాటాక మళ్లీ దగ్గరపడి కింది లెన్సు నోట్లోకే వెళ్లేలా వంచుతుంది. ఫలితంగా ఆ లెన్సు లోపల, అపర్చర్ ఉన్న చోట, బల్బు ప్రతిబింబం ఒకటి ఏర్పడుతుంది. ఇదే అన్నిటికీ కీలకం. బల్బు ఎంత పెద్దది, ఎక్కడ ఉంది, దానిలో ఏ భాగం ఎక్కువ మెరుస్తోంది అనే వివరాలన్నీ ఆ ప్రతిబింబంలోకి దిగుతాయి. ప్రతిబింబం లెన్సు నోటిని నిండుగా కప్పితే కాగితం మీద వెలుగు సమంగా పడుతుంది. బల్బు ఓ రెండు సెంటీమీటర్లు కిందికి జరిగితే, కొన్ని కిరణాలు లెన్సు నోరు తప్పి పక్కకు పోతాయి. ముందు తప్పేవి నెగటివ్ అంచుల నుంచి వచ్చేవి. కాగితం మూలలకు వెలుగు తక్కువ చేరుతుంది. ప్రింటులో వెలుగు తగలని చోటు తెల్లగా మిగులుతుంది కాబట్టి మూలలు వెలిసినట్టు కనిపిస్తాయి.

పాత యంత్రాల్లో బల్బు హోల్డరును ఒక కడ్డీకి బిగించి, మరతో పైకీ కిందికీ జరుపుకునే వీలు పెట్టింది ఇందుకే. ఆ మరను చాలామంది బల్బు మార్చడానికి తిప్పేది అనుకుంటారు.

మన దేశంలో దీనికి అదనంగా ఒక తలనొప్పి ఉంది. మన ఇళ్లలో పిన్ను హోల్డర్లు, అంటే బి22 రకం. దిగుమతైన ఎన్‌లార్జర్లలో ఎక్కువగా స్క్రూ హోల్డర్లు, ఈ27 రకం. మధ్యలో ఒక అడాప్టర్ పెడితే పని జరిగిపోతుందని కొట్లో చెబుతారు. బల్బు బిగుస్తుంది, నిజమే. కానీ ఆ అడాప్టర్ మూడు నాలుగు సెంటీమీటర్ల పొడవుంటుంది. బల్బు అంత మేర కండెన్సర్ మీదికి దిగిపోతుంది. కడ్డీని ఎంత పైకి లాగినా ఆ దూరం పూడకపోవచ్చు. ఇప్పుడు ఈ27 బల్బులు మన బజార్లోనూ బాగానే దొరుకుతున్నాయి. అడాప్టర్ జోలికి పోకుండా అవే కొనడం మేలు.

తీగ కనిపించే బల్బు ఎందుకు పనికిరాదో కూడా ఇప్పుడు తేలిగ్గానే అర్థమవుతుంది. అందులో వెలిగేది సన్నటి తీగ ముక్క. లెన్సులో పడే ప్రతిబింబమూ ఆ తీగదే. అది లెన్సు నోటిని నింపలేదు. ఫలితంగా కాగితం మీద వెలుగు చారలు చారలుగా, హెచ్చుతగ్గులుగా పడుతుంది. గరుకుగాజు బల్బు కొంత నయం, అయినా మధ్యలో తీగ ఉన్న చోటు మిగతా గాజు కంటే ఎక్కువ మెరుస్తుంది. పాలగాజు పూత ఒక్కటే బుడ్డి ముఖమంతా ఒకే తీరున వెలిగేలా చేస్తుంది.

ఇంకో చిన్న సంగతి. ఇంటి బల్బు నెత్తిన కంపెనీ పేరు, వాట్లు, వోల్టులు సిరాతో ముద్ర వేసి ఉంటాయి. ఎన్‌లార్జర్‌లో బల్బు తలకిందులుగా వేలాడుతుంది, అంటే ఆ ముద్ర నేరుగా కండెన్సర్ వైపు తిరిగి ఉంటుంది. లెన్సు పూర్తిగా తెరిచి ఉన్నంతసేపు బెడద లేదు. అపర్చర్‌ను ఎఫ్/16కు మూసినప్పుడు బల్బు ప్రతిబింబంలో నడిమి భాగమే లెన్సు దాటుతుంది. ముద్ర ఉన్నది సరిగ్గా అక్కడే. అందుకే వెలుగు లెక్క కంటే ఎక్కువ తగ్గుతుంది, పైగా సమంగా తగ్గదు. అసలైన ఎన్‌లార్జర్ బల్బుల్లో ఆ రాతలను మెడ దగ్గర, వెలుగుకు అడ్డురాని చోట వేసేవారు. పాత బల్బును చేతిలోకి తీసుకుని చూస్తే ఎన్‌లార్జర్‌దో కాదో చెప్పే ఆనవాలు ఇదొకటి. ఎల్‌ఈడీ బల్బులకు రాతలు కింది ప్లాస్టిక్ భాగం మీదే ఉంటాయి కనుక ఈ ఒక్క విషయంలో వాటిదే పైచేయి.

మిగతా విషయాల్లో ఎల్‌ఈడీ ఆకారం అంత కలిసిరాదు. మామూలు 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులో సగం వరకే తెల్లటి గుమ్మటం. మిగతా సగం లోపల సర్క్యూటు ఉన్న ప్లాస్టిక్ డొల్ల, దాన్నుంచి వెలుగు రాదు. గుమ్మటం లోపల ఒక బల్లపరుపు పలక మీద చిన్న చిన్న చిప్పులుంటాయి. చవక రకాల్లో గుమ్మటం నడిమి భాగం అంచుల కంటే ఎక్కువ మెరుస్తుంది. 35 మిల్లీమీటర్ల నెగటివ్‌కు ఇది ఎలాగో సరిపోతుంది. పెద్ద నెగటివ్‌లు పెట్టినప్పుడే మూలల లోపం బయటపడుతుంది. పాలగాజు బుడ్డిలో ఎల్‌ఈడీ తీగలు అమర్చిన రకాలు ఇప్పుడు వస్తున్నాయి, వాటిని ఫిలమెంట్ ఎల్‌ఈడీ అంటారు. బుడ్డి నలువైపులా వెలుగుతుంది కాబట్టి పాత ఎన్‌లార్జర్ బల్బుకు ఆకారంలో దగ్గరి చుట్టాలు ఇవే. పారదర్శక గాజువి కాకుండా పాలగాజువే చూసి తీసుకోవాలి. బల్బు సైజుల్లో ఏ60 అని రాసుంటే బుడ్డి వ్యాసం 60 మిల్లీమీటర్లని అర్థం. అమెరికా బల్బుల మీద ఏ21 అంటే అంగుళంలో ఎనిమిదో వంతులు 21, అంటే దాదాపు 67 మిల్లీమీటర్లు. రెండు అంకెలనూ ఒకే కొలత అనుకుంటే లెక్క తప్పుతుంది.

ఎంత సర్దినా మూలలు సమం కాకపోతే, కండెన్సర్ పైన పాలరంగు అక్రిలిక్ పలక ఒకటి పెట్టవచ్చు. వెలుగు సగానికో, ఇంకా కిందికో పడిపోతుంది. ఎల్‌ఈడీ వెలుగు ఎలాగూ అవసరానికి మించే ఉంటుంది కనుక నష్టం లేదు. తీగ బల్బు వేడికి మాత్రం అక్రిలిక్ వంగిపోతుంది.

పెట్టె: గీతలు దాచే వెలుగు, చూపించే వెలుగు

మిట్టమధ్యాహ్నం ఎండలో చెట్టు నీడ అంచులు తేలి ఉంటాయి. మబ్బు పట్టిన రోజు అదే నీడ చెదిరిపోయి ఉందో లేదో అన్నట్టుంటుంది. ఎన్‌లార్జర్లలో రెండు జాతులు ఉండడానికి కారణం ఇదే. కండెన్సర్ రకంలో కిరణాలు ఒకే దిశలో వస్తాయి. నెగటివ్ మీది దుమ్ము, గీతలు, వెండి రేణువులు అన్నీ స్ఫుటంగా దిగుతాయి. డిఫ్యూజర్ రకంలో వెలుగు అన్ని దిక్కుల నుంచీ వస్తుంది కనుక గీతలు చాలావరకు కప్పబడిపోతాయి.

కాంట్రాస్టు కూడా మారుతుంది. నెగటివ్‌లో వెండి దట్టంగా ఉన్న చోట తిన్నని కిరణాలు రేణువులకు తగిలి పక్కకు చెదిరి లెన్సు తప్పిపోతాయి. పలచగా ఉన్న చోట అంతగా చెదరవు. దాంతో తేడా పెరిగి ప్రింటు గట్టిగా వస్తుంది. బెల్జియం శాస్త్రజ్ఞుడు ఆండ్రే కాలియే 1909లో దీన్ని వివరించాడు, అందుకే దీనికి కాలియే ప్రభావమని పేరు. రంగు నెగటివ్‌లలో వెండి ఉండదు, రంగుద్రవ్యమే ఉంటుంది. వాటిలో ఈ ప్రభావం కనిపించదు.

పాలగాజు బల్బు, కండెన్సర్ జోడీ ఈ రెండిటికీ మధ్యస్థం. అందులో పారదర్శక బల్బు పెట్టినా, పాలపలక పెట్టినా కాంట్రాస్టు ఒక వైపు జరుగుతుంది.

కాగితానికి ఎరుపు కనిపించదు

చీకటి గదిలో ఎర్ర జీరో బల్బు వేసుకుని పనిచేయడం స్టూడియోలు చూసినవారందరికీ తెలుసు. ఆ వెలుగులో మనకు ట్రే, చిమటా, కాగితం కనిపిస్తాయి. కాగితానికి మాత్రం అది చీకటే. ఫోటో కాగితంలోని వెండి లవణాలు సహజంగా నీలం, ఊదా, అతినీల వెలుగుకే స్పందిస్తాయి. కొన్ని కాగితాలకు ఆకుపచ్చ కూడా చూడడం నేర్పారు. ఎరుపు జోలికి పోరు, పోతే చీకటి గదిలో పనే జరగదు.

మన కన్ను తీరు వేరు. 555 నానోమీటర్ల దగ్గరి పసుపుపచ్చ వెలుగు దానికి అన్నిటికంటే ప్రకాశవంతం, నీలం చాలా మందకొడి. బల్బు డబ్బా మీద రాసే ల్యూమెన్లు ఈ కంటి లెక్క ప్రకారం కొలిచినవి. కాబట్టి 900 ల్యూమెన్లు అన్న అంకె మనిషికి చెప్పే మాటే కానీ కాగితానికి చెప్పేది కాదు. ఒకే ల్యూమెన్లున్న రెండు బల్బుల్లో ఒకటి కాగితానికి పట్టపగలు, రెండోది సంజచీకటి కావచ్చు.

తీగ బల్బు వెలుగును విడదీసి చూస్తే ఇది ఇంకా స్పష్టపడుతుంది. 450 నానోమీటర్ల నీలం ఒక పాలు ఉంటే, 560 దగ్గర పసుపుపచ్చ సుమారు మూడు పాళ్లు, 650 దగ్గర ఎరుపు అయిదు పాళ్లు. కంటికి కనిపించని వేడి కిరణాల సంగతి సరేసరి, కరెంటులో అత్యధిక భాగం అటే పోతుంది. అంటే పాతకాలం ఎన్‌లార్జర్ 75 వాట్లు ఖర్చుపెట్టి కాగితానికి పనికొచ్చేలా ఇచ్చింది బహు స్వల్పం. తీగను ఇంకా కాల్చి తెలుపు పెంచాలనుకోవడం వెనక తర్కం ఇదే. తీగ వేడి పెరిగేకొద్దీ నీలం వాటా వేగంగా పెరుగుతుంది.

ఇదే తర్కం వెనక్కి నడిస్తే వోల్టేజి కథ. సరఫరా పది శాతం పడితే తీగ బల్బు వెలుగు దాదాపు ముప్పై శాతం పడుతుంది. నీలం అంతకంటే ఎక్కువ పడుతుంది. మనకు బల్బు కాస్త ఎర్రబడ్డట్టు కనిపిస్తే, కాగితం దృష్టిలో అది సగం ఆరిపోయినట్టే. సాయంత్రం పూట వోల్టేజి ఊగిసలాడే ఊళ్లలో స్టూడియోలు ఎన్‌లార్జర్‌కు విడిగా స్టెబిలైజర్ పెట్టుకున్నది ఊరికే కాదు. వెలుగు తగ్గించాలనుకుని తీగ బల్బుకు ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటి డిమ్మర్ తగిలించడం కూడా ఈ కారణంగానే చెడ్డ ఆలోచన. మంచి డ్రైవర్ సర్క్యూటు ఉన్న ఎల్‌ఈడీ బల్బు ఈ ఊగిసలాటను పట్టించుకోదు.

ఎల్‌ఈడీ వెలుగు పుట్టే తీరే వేరు. తెల్ల ఎల్‌ఈడీ అసలు చిప్పు నీలమే, సుమారు 450 నానోమీటర్లది. దాని మీద పసుపు ఫాస్ఫర్ పూత ఉంటుంది. నీలంలో కొంత పూతకు తగిలి పసుపు, ఆకుపచ్చ, ఎరుపుగా మారుతుంది, కొంత అలాగే బయటికొస్తుంది. రెండూ కలిసి మనకు తెల్లగా కనిపిస్తాయి. పూత పలచగా ఉంటే నీలం ఎక్కువ, డబ్బా మీద 6500కె అని, కూల్ డేలైట్ అని ఉంటుంది. మందంగా ఉంటే నీలం తక్కువ, 2700కె, వార్మ్ వైట్. ఏ రకంలోనైనా 480 దగ్గర ఒక పల్లం ఉంటుంది, 420 కంటే కింద దాదాపు ఏమీ ఉండదు. తీగ బల్బు వెలుగులో ఇలాంటి ఎగుడుదిగుళ్లు ఉండవు.

ఒకే కాంట్రాస్టు ఉన్న గ్రేడు కాగితాలకు ఈ తేడా వల్ల పెద్ద నష్టం లేదు. ఎక్స్‌పోజర్ సెకన్లు మారతాయంతే. ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ఇందు కాగితాలు దొరికిన రోజుల్లో అయితే ఈ చర్చ ఇక్కడితో ముగిసేది. ఇప్పుడు దొరికేవి ఎక్కువగా వేరియబుల్ కాంట్రాస్టు కాగితాలు. వీటిలో మొదటి తరానిదైన మల్టీగ్రేడ్‌ను ఇల్‌ఫర్డ్ 1940లో తెచ్చింది. ఒకే కాగితం మీద కలిపి పూసిన ఎమల్షన్లన్నిటికీ నీలం కనిపిస్తుంది, ఆకుపచ్చ మాత్రం ఒక్కోదానికి ఒక్కో మోతాదులో కనిపిస్తుంది. పసుపు ఫిల్టర్ పెట్టి నీలాన్ని ఆపితే ప్రింటు మెత్తగా వస్తుంది. మెజెంటా ఫిల్టర్ పెట్టి ఆకుపచ్చను ఆపితే గట్టిగా వస్తుంది. 00 నుంచి 5 దాకా ఉన్న ఫిల్టర్ నంబర్లన్నీ నీలం, ఆకుపచ్చల మధ్య తూకమే.

ఆ తూకం వేసింది తీగ బల్బును దృష్టిలో పెట్టుకుని. అక్కడ 6500కె ఎల్‌ఈడీ పెడితే ఫిల్టర్ లేకుండానే నీలం ఎక్కువై ప్రింటు గట్టిపడుతుంది, పెళ్లికూతురు ముఖం పాలిపోతుంది. 2700కె పెడితే నీలం కరువై ప్రింటు చప్పబడుతుంది. 4, 5 నంబర్ల మెజెంటా ఫిల్టర్లు వేసినప్పుడు ఎక్స్‌పోజర్ సాగుతూనే ఉంటుంది. నా ఓటు 4000కె దగ్గర మొదలుపెట్టడానికి. ఫిల్టర్ల మీది నంబర్లు అప్పుడు కూడా అచ్చంగా సరిపోవు, కానీ రెండు కొసలూ అందుబాటులో ఉంటాయి. ఏ బల్బు పెట్టినా ఫిల్టర్ నంబరును గుర్తుగానే తీసుకుని, ఒక్కోదానితో ఒక్కో నమూనా ప్రింటు తీసి మన సొంత పట్టిక రాసుకోవాల్సిందే.

రంగు ప్రింట్ల సంగతి పూర్తిగా వేరు. అక్కడ కాగితం మూడు రంగులూ చూస్తుంది. తెల్ల ఎల్‌ఈడీ పల్లాలు రంగుల్లోకి నేరుగా దిగుతాయి. హాలోజెన్ వదిలిపెట్టకపోవడమే క్షేమం.

వెలగడం తెలిసిన బల్బుకు ఆరడం కూడా తెలియాలి

తీగ బల్బు స్విచ్ వేసిన సెకనులో చిన్న భాగంలోనే పూర్తిగా వెలుగుతుంది, అంతే వేగంగా ఆరుతుంది. ఎల్‌ఈడీ ఇంకా చురుకు అనుకుంటాం. చిప్పు చురుకే, దాని వెనకున్న సర్క్యూటు అలా కాదు. కొన్ని బల్బులు స్విచ్ వేశాక అర సెకను ఆలోచించి వెలుగుతాయి. ఆపాక కెపాసిటర్‌లో మిగిలిన విద్యుత్తు ఖాళీ అయ్యేదాకా మినుకుమంటాయి. ఎక్స్‌పోజర్ 20 సెకన్లైతే ఈ అర సెకను పట్టించుకోనక్కర్లేదు. ఎల్‌ఈడీ మరీ ప్రకాశవంతమై ఎక్స్‌పోజర్ రెండు సెకన్లకు పడిపోతే అదే అర సెకను పావు వంతు. పైగా రెండు సెకన్లలో చేయి అడ్డుపెట్టి ముఖాన్ని తేల్చడం, ఆకాశాన్ని ముదరబెట్టడం ఎవరి వల్లా కాదు. ఎన్‌లార్జర్‌కు వెలుగు తక్కువైతేనే సుఖం. 9 వాట్లు కాదు, 5 వాట్ల బల్బు చూడండి.

తెల్లచొక్కా మసక వెనక ఉన్న అసలు దొంగ మాత్రం ఇంకొకటి, ఎర్ర ఇండికేటర్ ఉన్న స్విచ్. స్విచ్ ఆపి ఉన్నప్పుడు ఆ చిన్న ఎర్రదీపం వెలగడానికి కొద్దిపాటి కరెంటు బల్బు గుండానే పారుతుంది. తీగ బల్బుకు అది ఏ మూలకూ చాలదు. ఎల్‌ఈడీకి మాత్రం మసకగా మెరవడానికి చాలు. కొన్ని ఎలక్ట్రానిక్ టైమర్లు కూడా ఆపినప్పుడు ఇలాగే కాస్త కరెంటు వదులుతాయి. పడకగదిలో రాత్రిపూట ఆపిన ఎల్‌ఈడీ మినుకుమనడం గమనించినవారు ఉంటారు. చీకటి గదిలో కాగితం కింద కూర్చుని ఉన్న రెండు మూడు నిమిషాల్లో ఆ మినుకే నిదానంగా తెలుపును బూడిద చేస్తుంది. ఇండికేటర్ లేని మామూలు స్విచ్, లేదా రిలేతో పనిచేసే టైమర్ పెడితే రోగం కుదురుతుంది. ఎల్‌ఈడీ సెకనుకు వందసార్లు మినుకుమంటుందని, అది ప్రింటును చెడగొడుతుందని కొందరు భయపడతారు. సెకన్ల కొద్దీ సాగే ఎక్స్‌పోజర్‌లో అదంతా సగటైపోతుంది, నిశ్చింతగా ఉండవచ్చు.

సీఎఫ్‌ఎల్ గురించి ఎక్కువ చెప్పను. వెలిగాక పూర్తి కాంతి అందుకోవడానికి నిమిషం తీసుకుంటుంది, ఆరాక కూడా దాని పూత కాసేపు మెరుస్తూ ఉంటుంది. పైగా దాని వెలుగంతా పాదరసం గీతల కుప్ప. వద్దు.

పెట్టె: కాగితంతోనే అడగండి

కొత్త బల్బు పెట్టాక నెగటివ్ లేకుండా, లెన్సు ఎఫ్/8 దగ్గర ఉంచి, లేత బూడిదరంగు వచ్చేంత చిన్న ఎక్స్‌పోజర్ ఇచ్చి ఒక కాగితం డెవలప్ చేయండి. బేస్‌బోర్డు మీద కంటికి సమంగా అనిపించిన వెలుగులో కూడా తేడాలు ఈ లేత బూడిదరంగు మీద బయటపడతాయి. మూలలు తెల్లగా వస్తే బల్బును కొద్ది కొద్దిగా జరుపుతూ మళ్లీ తీయండి.

రెండో పరీక్ష మసక కోసం. ముందుగా కాగితానికి అతి లేత బూడిదరంగు వచ్చేంత వెలుగు చూపించాలి. ఆ తర్వాత దాని మీద ఒక రూపాయి నాణెం పెట్టి, ఎన్‌లార్జర్ ఆపి ఉంచి అయిదు నిమిషాలు ఆగండి. డెవలప్ చేశాక నాణెం గుండ్రం కనిపిస్తే ఎక్కడో వెలుగు కారుతోంది. ఉత్త తెల్లకాగితం మీద ఈ పరీక్ష చేస్తే కొద్దిపాటి కారడం బయటపడదు. ముందుగా కొంత వెలుగు తిన్న కాగితమే సున్నితంగా ఉంటుంది. ఎర్ర జీరో బల్బును కూడా ఇలాగే విడిగా పరీక్షించుకోవచ్చు.

అమెరికా నుంచి వచ్చిన ఎన్‌లార్జర్

అక్కడ స్థిరపడ్డ మనవాళ్లు సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికిందని బెసెలరో ఒమేగానో సామాన్లలో వేసుకొస్తుంటారు. వెంటనే అడిగే ప్రశ్న, 120 వోల్టుల యంత్రానికి ట్రాన్స్‌ఫార్మర్ కావాలా అని. నలుపు తెలుపు కండెన్సర్ యంత్రమైతే సాధారణంగా అక్కర్లేదు. లోపల ఉన్నది హోల్డరు, వైరు, బల్బు, అంతే. అమెరికా ఈ26 హోల్డరులో మన ఈ27 బల్బు సాధారణంగా బిగుస్తుంది. 230 వోల్టుల బల్బు పెట్టుకుంటే చాలు. వెంట వచ్చిన 120 వోల్టుల బల్బును మన ప్లగ్గుకు తగిలిస్తే మాత్రం క్షణంలో ఫట్‌మంటుంది.

అంతకంటే ముందు వైరు చూడాలి. యాభై అరవై ఏళ్ల వైరు మీది రబ్బరు ముట్టుకుంటే రాలుతుంది. అప్పటి యంత్రాలు చాలావాటికి రెండు తీగల వైరే, ఎర్త్ లేదు. పైన లోహపు డబ్బా, పక్కన తడి ట్రేలు, తడి చేతులు. బల్బు ఎంపిక తర్వాత చూసుకోవచ్చు, ముందు మూడు తీగల కొత్త వైరు వేయించి డబ్బాను ఎర్త్ చేయించండి.

కలర్ హెడ్ ఉన్న యంత్రమైతే ఈ సలహా వర్తించదు. వాటిలో ట్రాన్స్‌ఫార్మర్‌తో నడిచే హాలోజెన్ బల్బులు, ఒక్కోదానికి ఒక్కో వోల్టేజి. డర్స్ట్ చిన్న యంత్రాల్లో 12 వోల్టులు, 100 వాట్లది సాధారణం. ఈ విషయంలో ఒక శుభవార్త ఉంది. ఇవే బల్బులు ప్రొజెక్టర్లలో, ఫైబర్ ఆప్టిక్ దీపాల్లో కూడా వాడారు కాబట్టి ఇంకా దొరుకుతున్నాయి. మూడక్షరాల కోడు చూసి అదే తీసుకోవాలి. అద్దంతో కలిసొచ్చే ఈ బల్బుల్లో కిరణాలు ఎంత దూరంలో ఒకచోట చేరతాయన్నది ముఖ్యం. షోకేసుల్లో వాడే 12 వోల్టుల బల్బు చూడ్డానికి అచ్చం ఇలాగే ఉన్నా దాని కిరణాలు విచ్చుకుంటూ పోతాయి. గాజును వేళ్లతో ముట్టుకోకూడదు. చర్మం మీది ఉప్పు, జిడ్డు ఆ వేడికి క్వార్ట్‌జ్ గాజును తినేస్తాయి.

సూర్యుడి నుంచి చిప్పు దాకా

ఎన్‌లార్జర్ చరిత్రంతా ఒక రకంగా దీపం వెతుకులాటే. బాల్టిమోర్ చిత్రకారుడు డేవిడ్ అచెసన్ వుడ్‌వర్డ్ 1857లో పేటెంటు తీసుకున్న సోలార్ కెమెరాలో బల్బు స్థానంలో సూర్యుడే ఉన్నాడు. యంత్రాన్ని సూర్యుడితోపాటు తిప్పుతూ ఉండాలి, మబ్బొస్తే పని బంద్. అన్సెల్ ఆడమ్స్ తన పెద్ద నెగటివ్‌ల కోసం పెట్టుకున్న అడ్డం ఎన్‌లార్జర్‌లో 36 బల్బులుండేవి. ఒక్కోదాన్ని విడిగా ఆపే వీలుండేది కనుక ఆకాశం ఉన్న వైపు ఎక్కువ వెలుగు, నీడ ఉన్న వైపు తక్కువ వెలుగు పంపేవాడు.

జర్మనీలోని హైలాండ్ లాంటి చిన్న కంపెనీలు ఇప్పుడు పాత ఎన్‌లార్జర్ల కోసమే ఎల్‌ఈడీ హెడ్‌లు చేస్తున్నాయి. తెల్ల వెలుగు తీసుకుని ఫిల్టర్‌తో కోత పెట్టే బదులు నీలం, ఆకుపచ్చ చిప్పులను విడివిడిగా వెలిగించి కాంట్రాస్టు నిర్ణయిస్తాయి. ఫోకస్ చూసుకోవడానికి ఎర్ర చిప్పులు పెట్టుకునే వీలూ ఉంది. కాగితానికి అవి కనిపించవు కాబట్టి కాగితం అమర్చాక కూడా వెలిగించుకోవచ్చు. వేడి లేకపోవడంతో నెగటివ్ ఉబ్బి ఫోకస్ చెడడం అనే పాత బాధ కూడా తప్పింది. ధర మాత్రం పాత ఎన్‌లార్జర్ కొన్నదానికి ఎన్నో రెట్లు. ఎలక్ట్రానిక్స్ చేతనైనవాళ్లు రంగుల ఎల్‌ఈడీ పట్టీలతో ఇంట్లోనే చేసుకుంటున్నారు.

ఈలోగా ఎవరి దగ్గరైనా పాత ఎన్‌లార్జర్ బల్బు ఒకటి ఇంకా వెలుగుతూ ఉంటే, దాన్ని రోజువారీ పనికి వాడి కాల్చేయకండి. నలుపు నుంచి తెలుపు దాకా మెట్లున్న స్టెప్ టాబ్లెట్ నెగటివ్‌ను దానితో ప్రతి ఫిల్టర్ మీదా ఒక్కోసారి ప్రింటు తీసి, సెకన్లు, అపర్చర్, కాగితం పేరు వెనక పెన్సిల్‌తో రాసి దాచండి. రేపు ఏ బల్బు తెచ్చినా పక్కన పెట్టి పోల్చడానికి ఆ ఏడెనిమిది ప్రింట్లే కొలబద్ద.